"పెద్ద డాక్టర్ సాబ్ లేరా?": పిల్లల మానసిక ఆరోగ్యం, క్లినికల్ సైకాలజీ ట్రైనీల శిక్షణ – కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యం ఓపీ. 8 ఏళ్ళ బాబును వెంటబెట్టుకుని అమ్మీ, దాదీ వచ్చారు. రెండు గంటలు లైన్‌లో కూర్చున్నాక పేరు పిలిచారు. లోపల టేబుల్ వెనక ఉన్నది పాతికేళ్ళ అమ్మాయి. మెడలో ఐడీ కార్డు, ముందు ఖాళీ ఫైలు. "నేను క్లినికల్ సైకాలజీ ట్రైనీని. ముందు నేను మీతో మాట్లాడతాను, తర్వాత మా మేడమ్ చూస్తారు" అంటుంది. దాదీ మొహం మాడిపోతుంది. "పెద్ద డాక్టర్ సాబ్ లేరా బేటీ? చదువుకునే పిల్ల మా మనవణ్ణి ఏం చూస్తుంది?"

ఇలా అనుకుని లేచి వెళ్ళిపోయే కుటుంబాలు ఉన్నాయి. మరికొందరు కూర్చుంటారు గానీ సగం మాటలే చెప్తారు. అక్కడే నష్టం మొదలవుతుంది. పిల్లల మనసు సమస్యల్లో రోగ నిర్ధారణకు రక్త పరీక్ష గానీ ఎక్స్‌రే గానీ సరిపోదు. ఇంట్లోవాళ్ళు చెప్పే మాటే అసలు ఆధారం. ఆ మాటను ఓపికగా విని, రాసి, సీనియర్ ముందు పెట్టడమే ఆ ట్రైనీ పని.

ఆ ట్రైనీ ఎవరు, ఏం నేర్చుకుంటారు, ఎవరి కింద పని చేస్తారు, కుటుంబానికి ఉన్న హక్కులేమిటి? ఈ నాలుగూ తెలిస్తే ఆసుపత్రి గదిలో కుటుంబం బలం పెరుగుతుంది.

ఎవరు ఏ పని చేస్తారు

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. సైకాలజీలో పీజీ, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేసి పరీక్షలు పెట్టడం, మాట ద్వారా, అలవాట్ల మార్పు ద్వారా చికిత్స చేయడం వీరి పని. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇల్లు, బడి, ప్రభుత్వ పథకాల సంగతి చూస్తారు. కౌన్సెలర్ అనే మాట మాత్రం చాలా వదులుగా వాడుతున్నారు. రెండు మూడు నెలల కోర్సు చేసినవాళ్ళు కూడా ఆ బోర్డు పెట్టుకుంటున్నారు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్.సి.ఐ. గుర్తించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదంటే సైకాలజీలో పీజీతో పాటు, పర్యవేక్షణలో చేసిన క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ళ ఫుల్‌టైం ఎం.ఫిల్. ఉండాలి.

ఇక్కడ అసలు మాట "పర్యవేక్షణ". సి.ఎ. చదివేవాళ్ళు పుస్తకాలు పూర్తిగా చదివినా, ఒక ఆడిటర్ కింద ఆర్టికల్‌షిప్ చేయకుండా సంతకం పెట్టలేరు. ఎంబీబీఎస్ పిల్లలు హౌస్ సర్జన్ చేయకుండా డాక్టర్లు కారు. క్లినికల్ సైకాలజీలో కూడా అంతే. సీనియర్ కళ్ళ ముందు కేసులు చూడకుండా ఈ వృత్తి రాదు.

ఈ శిక్షణ ఎక్కడి నుంచి వచ్చింది

మన దేశంలో మొదటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ 1937లో బొంబాయిలో మొదలైంది. ఇప్పుడు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని పిలిచే సంస్థ దాన్ని పెట్టింది. పిల్లవాడు మొండిగా ఉన్నాడంటే తప్పు వాడిదే అనుకోకుండా, ఇల్లు, బడి, గల్లీ మొత్తాన్ని కలిపి చూడాలన్నది ఆ క్లినిక్‌ల ఆలోచన.

1954లో బెంగళూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఏర్పడింది. మరుసటి ఏడాది అక్కడ సైకాలజిస్టులకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చే డిప్లొమా మొదలైంది. ఆ సంస్థే 1974లో నిమ్హాన్స్ అయ్యింది. డిప్లొమా తర్వాతి కాలంలో ఎం.ఫిల్.గా మారింది.

కుటుంబాన్ని చికిత్సలోకి తీసుకురావడంలో 1950లలో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్‌లో డాక్టర్ విద్యాసాగర్ చేసిన పని మరిచిపోలేనిది. అప్పట్లో రోగిని ఆసుపత్రిలో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన ఆవరణలో టెంట్లు వేయించి, ఇంట్లోవాళ్ళను రోగితో పాటు అక్కడే ఉండమన్నారు. జబ్బు గురించి ఇంట్లోవాళ్ళకు తెలిసింది, రోగి ఇంటికి తిరిగి వెళ్ళడం తేలికైంది.

ఆ తర్వాత అడుగు ఊరి వైపు పడింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. నిమ్హాన్స్ 1985లో బళ్ళారి జిల్లాలో చేసి చూపిన పద్ధతిని నమూనాగా తీసుకుని, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాలో మొదలుపెట్టారు. ఆ నాలుగు జిల్లాల్లో ఒకటి మన మెదక్. అంటే సైకాలజిస్టు ఆసుపత్రి గోడ దాటి మండలానికి రావాలన్న ఆలోచనలో మన ప్రాంతానికి మొదటి నుంచీ చోటుంది.

రెండేళ్ళలో ఏం నేర్పుతారు

ఇన్నాళ్ళూ ప్రధాన మార్గంగా ఉన్న ఆర్.సి.ఐ. ఎం.ఫిల్. కోర్సు రెండేళ్ళు, పూర్తికాలం. మొదటి ఏడాది మనసు, సమాజం, మానసిక జబ్బులు, సైకియాట్రీ, గణాంకాలు చదువుతూ ప్రాక్టికల్‌గా పరీక్షలు పెట్టడం నేర్చుకుంటారు. 5 కేసుల పూర్తి నిర్ధారణ రిపోర్టులు సమర్పించాలి. రెండో ఏడాది మెదడు పనితీరు, సైకోథెరపీ, శరీర జబ్బులకూ మనసుకూ ఉన్న సంబంధం చదువుతారు. 5 కేసుల చికిత్స రికార్డులు, ఒక పరిశోధన పత్రం ఇవ్వాలి. ఇవన్నీ పరీక్షకు సమర్పించేవి మాత్రమే. రోజువారీగా చూసే కేసులు ఇంకా చాలా ఉంటాయి.

పెద్దల వార్డు, పిల్లల ఓపీ, మెదడు దెబ్బతిన్నవారి విభాగం, ఊళ్ళలో క్యాంపులు ఇలా పోస్టింగులు మారుతుంటాయి. కొత్త కేసు వచ్చినప్పుడు ట్రైనీ వివరాలన్నీ రాసుకుని సీనియర్‌కు చెప్పాలి. "తండ్రి సంగతి ఎందుకు అడగలేదు?", "బడి మారింది ఎప్పుడు?" అని సీనియర్ నిలదీస్తారు. జవాబు లేకపోతే ట్రైనీ మళ్ళీ కుటుంబం దగ్గరికి వెళ్ళి అడగాలి. అందుకే ఒకే ప్రశ్న రెండుసార్లు వేస్తారు. అడిగిందే అడుగుతున్నారని విసుక్కోవాల్సిన పని లేదు, అది తనిఖీ.

మరో సంగతి. కిక్కిరిసిన ఓపీలో పెద్ద డాక్టర్ ఒక్కో కేసుకు ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలే. ట్రైనీ గంట కూర్చుంటారు. ఆ గంటలో రాసిన దాన్ని సీనియర్ చూస్తారు. అంటే ట్రైనీ దగ్గర కూర్చున్న కుటుంబానికి ఒకరు కాదు, ఇద్దరు మనుషుల దృష్టి దొరుకుతుంది.

ఇంటి కథే మొదటి పరీక్ష

పిల్లల కేసులో ట్రైనీ మొదట వేసేది కుటుంబ వృక్షం. మూడు తరాలు గీస్తారు. ఎవరెవరు కలిసి ఉంటున్నారు, ఎవరితో ఎవరికి మాటల్లేవు, దగ్గరి బంధువుల పెళ్ళి జరిగిందా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ గానీ మానసిక జబ్బు గానీ ఉందా అని అడుగుతారు. కడుపులో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో ఏమైంది, పుట్టగానే ఏడ్చాడా, ఎన్ని నెలలకు కూర్చున్నాడు, మాటలు ఎప్పుడొచ్చాయి అని కూడా అడుగుతారు.

ఇవి కుటుంబం పరువు తీసే ప్రశ్నలు కావు. ఒక ఉదాహరణ చూద్దాం. రెండో తరగతి బాబు హఠాత్తుగా బడికి పోనంటున్నాడు, రాత్రి పక్క తడుపుతున్నాడు. బడివాళ్ళు బద్ధకం అన్నారు. ఇంట్లో నజర్ తగిలిందన్నారు. వివరంగా అడిగితే తేలింది: అబ్బా సౌదీ వెళ్ళి నాలుగు నెలలైంది. అప్పుడే అమ్మీ, పిల్లలు నానీ ఇంటికి మారారు. బడి మారింది, ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియం అయ్యింది. ఒకేసారి మూడు మార్పులు. వాడి బాధ వాడు మాటల్లో చెప్పలేక ఒంటితో చెప్తున్నాడు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి, ఉమ్మడి కాపురంలో దాదీ మాటకూ అమ్మీ మాటకూ మధ్య నలిగే పిల్లవాడు, బడీ మదరసా రెండూ చేసుకుంటూ అలసిపోయే అమ్మాయి. మన కుటుంబాల్లో ఇవి మామూలే. కానీ నేర్చుకునే ట్రైనీకి అన్నీ తెలిసి ఉండవు. అడగకపోయినా చెప్పడం మంచిది. తండ్రి దూరంగా ఉంటే వీడియో కాల్‌లో మాట్లాడించమని అడగొచ్చు.

పరీక్ష ఏ భాషలో పెట్టారు?

ఉర్దూ, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే.

పిల్లల తెలివితేటలు కొలవడానికి మన దేశంలో ఎక్కువగా వాడే వాటిలో బినే-కామత్ పరీక్ష ఒకటి. బొంబాయి-కర్ణాటక ప్రాంతంలో మరాఠీ, కన్నడ పిల్లల కోసం కామత్ దాన్ని మార్చారు. దీని లెక్క తేలిక. పిల్లవాడి మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చిస్తారు. 10 ఏళ్ళ పిల్లవాడు 8 ఏళ్ళవాడి స్థాయిలో జవాబులు చెప్తే ఐక్యూ 80. నాగపూర్‌లో మాలిన్ తయారుచేసిన మరో పరీక్ష 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు. అందులో మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, ముక్కలు పేర్చడం, బొమ్మలో లోపం కనిపెట్టడం లాంటి చేతి పని భాగం ఒకటి ఉంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. హైదరాబాద్ పాతబస్తీ పిల్లవాడు ఇంట్లో దఖ్నీ మాట్లాడతాడు, గల్లీలో తెలుగు వింటాడు, బడిలో ఇంగ్లిష్ బట్టీ పడతాడు. కడప, కర్నూలు వైపు దూదేకుల ఇళ్ళలో అయితే తెలుగే ఇంటి భాష. పేరు చూసి ఉర్దూలో ప్రశ్న వేసినా, యూనిఫాం చూసి ఇంగ్లిష్‌లో వేసినా పిల్లవాడు తడబడతాడు. ప్రశ్న అర్థం కాక ఊరుకున్నా, జవాబు తెలియక ఊరుకున్నా మార్కుల కాగితం మీద పడేది సున్నానే.

అందుకే మంచి శిక్షణలో మొదట నేర్పేది, పిల్లవాడు ఇంట్లో ఏ భాషలో గొడవ పడతాడో ఆ భాషలో మాట్లాడించమని. మాటల భాగంలో తక్కువ వచ్చి, చేతి పని భాగంలో వయసుకు తగ్గట్టు వస్తే, "ఇది తెలివి లోపమా, భాష సమస్యా?" అని ట్రైనీ ప్రశ్నించుకోవాలి. ఒక్క ఐక్యూ నంబరు చూసి బుద్ధిమాంద్యం అనడానికి కూడా వీల్లేదు. సుమారు 70 కన్నా తక్కువ ఐక్యూతో పాటు, తినడం, స్నానం, డబ్బు లెక్క, నలుగురిలో మెలగడం లాంటి రోజువారీ పనుల్లోనూ వెనుకబాటు ఉండాలి. ఈ రెండోది తెలుసుకోవడానికి వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ వాడతారు. అది తల్లిదండ్రులతో మాట్లాడి నింపేది.

ఆటిజం కొలిచే ఇండియన్ స్కేల్ తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ దాన్ని రూపొందించింది. 1984లో పుట్టిన ఆ సంస్థను ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. ఆ స్కేల్‌లో 40 అంశాలు ఉంటాయి. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 వరకు తేలికపాటిది, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న మార్కులు ఎన్ని అని కాదు. "పరీక్ష ఏ భాషలో పెట్టారు?" అని. ఆ వివరం రిపోర్టులో రాయమని అడగడం తప్పు కాదు. ఎందుకంటే ఆ కాగితం మీదే పిల్లవాడు మామూలు బడిలో ఉంటాడా, వేరే బడికి పోతాడా అన్నది తేలుతుంది.

చికిత్స సగం ఇంట్లోనే

పెద్దవాళ్ళలా కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడితే పిల్లలు చెప్పరు. బొమ్మలు, రంగులు, కథలు, ఆట ద్వారా మాట్లాడిస్తారు. చిన్న పిల్లల విషయంలో అసలు శిక్షణ తల్లిదండ్రులకే. మంచి పని చేసిన వెంటనే మెచ్చుకోవడం, గోడ మీద చార్టు పెట్టి స్టార్ అంటించడం, చిన్న మొండితనాన్ని పట్టించుకోకుండా వదిలేయడం, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం. చెప్పడానికి తేలిక, పాటించడం కష్టం. అమ్మీ ఫోన్ ఇవ్వనంటుంది, దాదీ దొంగచాటుగా ఇస్తుంది. దాంతో చార్టు పనిచేయదు. అందుకే ట్రైనీ "వచ్చేసారి దాదీని కూడా తీసుకురండి" అంటారు.

పరీక్ష భయానికి ఊపిరి నెమ్మదిగా తీసుకునే సాధన, బడికి పోనన్న పిల్లకు మెట్టు మెట్టుగా అలవాటు చేయడం, కుదురులేని పిల్లవాడికి పనిని చిన్న ముక్కలు చేసి ఇవ్వడం ఇవన్నీ నేర్పుతారు. ఫలితం ఒకటి రెండు సిట్టింగులలో రాదు. కొన్ని కేసుల్లో మందులు కూడా కావాలి. అప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు.

ఒక ఇబ్బంది ఉంది. ట్రైనీ పోస్టింగ్ అయిపోగానే మారిపోతారు. పిల్లవాడు అలవాటు పడ్డ అక్క కనిపించకపోతే బాధపడతాడు. "మీరు ఎన్నాళ్ళు ఉంటారు, తర్వాత మా ఫైలు ఎవరు చూస్తారు?" అని మొదటి రోజే అడిగి పెట్టుకోవాలి. కేసు అప్పగించేటప్పుడు కొత్తవారిని పరిచయం చేయడం కూడా శిక్షణలో భాగమే.

గల్లీలోకి, బడిలోకి

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురు. వీళ్ళందరూ ఆసుపత్రికి రారు. అందుకే ఆసుపత్రే వాళ్ళ దగ్గరికి పోవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొబైల్ బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్ళి 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షిస్తాయి. ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఆ కేంద్రం సిబ్బందిలో సైకాలజిస్టు పోస్టు ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలోనూ సైకియాట్రిస్టు, నర్సు, సోషల్ వర్కర్‌తో పాటు క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి.

ట్రైనీలు ఇలాంటి చోట్లకు వెళ్ళినప్పుడు పుస్తకంలో లేని పాఠాలు నేర్చుకుంటారు. ఆశా కార్యకర్తతో, టీచర్‌తో, మసీదు కమిటీ పెద్దలతో మాట్లాడాలి. జబ్బు పేరు పెట్టకుండా, ఎవరినీ వేలెత్తి చూపకుండా "పిల్లల చదువు, కోపం, నిద్ర" గురించి చెప్పాలి. మన బస్తీల్లో ఇలాంటి మీటింగుకు ఒక హాలు, ఒక ప్రకటన ఇవ్వడం పెద్దలకు పెద్ద ఖర్చు కాదు.

దువాతో పాటు దవా

చాలా ఇళ్ళలో మొదటి అడుగు ఆమిల్ దగ్గరికో, దర్గాకో పడుతుంది. దువా చేయడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మంచి శిక్షణ పొందిన సైకాలజిస్టు కుటుంబం విశ్వాసాన్ని ఎగతాళి చేయరు. నమాజ్, దువా ఇంటికి ఇచ్చే ధైర్యాన్ని చికిత్సకు తోడుగా తీసుకుంటారు. సమస్య ఆలస్యంతోనే. ఉదాహరణకు అమ్మాయికి తరచూ స్పృహ తప్పుతుంటే అది మూర్ఛ కావచ్చు, మనసులో దాచుకున్న ఒత్తిడి కావచ్చు. సాయా పట్టిందని నెలలు గడిపితే రెండింటికీ సమయం పోతుంది. ముందు డాక్టర్ మూర్ఛ పరీక్ష చేయాలి, ఆ తర్వాతే మనసు సంగతి.

ముస్లిం విద్వాంసులకు మనసు వైద్యం కొత్త కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి ఆరోగ్యం గురించీ గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా వచ్చే దుఃఖం వేరు అని అప్పుడే విడదీశారు.

ఆలస్యం ఎక్కడికి తీసుకెళ్తుందో 2001 ఆగస్టు 6న దేశం చూసింది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా చుట్టుపక్కల వెలిసిన ప్రైవేటు కేంద్రాల్లో ఒకదానిలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు 2017 చట్టం ప్రకారం రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడం నిషేధం. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో మాత్రం దారి వేరుగా చూపించారు. అక్కడ దర్గా సేవకులే వచ్చినవారిని మానసిక వైద్యుల దగ్గరికి కూడా పంపే "దవా-దువా" కార్యక్రమం నడిచింది.

గోప్యత, చట్టం

"మా అమ్మాయి పెళ్ళికి అడ్డం కాదా?" అన్నది ప్రతి ఇంటి భయం. చట్టం ప్రకారం మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఇది ట్రైనీకి కూడా వర్తిస్తుంది. కేసును సీనియర్‌తో చర్చించవచ్చు. క్లాసులో చెప్పేటప్పుడు పేరు, ఊరు తీసేయాలి. ఆడియో, వీడియో రికార్డు చేయాలంటే ముందు అడగాలి. వద్దంటే వద్దే. ఆ కారణంగా చికిత్స ఆపకూడదు.

గోప్యతకు హద్దు కూడా ఉంది. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు కూడా మౌనంగా ఉండరు. ఈ సంగతి మంచి ట్రైనీ మొదటి సిట్టింగులోనే చెప్తారు.

18 ఏళ్ళ లోపు పిల్లలను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వాళ్ళలో ఒకరైనా సైకియాట్రిస్టు అయి ఉండాలి. పిల్లలను పెద్దల వార్డులో కలపకూడదు. ఇంటి మనిషి వెంట ఉండాలి. ఆడపిల్ల అయితే, సంరక్షకుడు మగవాడైనప్పుడు, తోడుగా ఒక స్త్రీ ఉండాలి. 72 గంటల్లో మానసిక ఆరోగ్య బోర్డుకు తెలియజేయాలి.

అడగాల్సిన ప్రశ్నలు

క్లినిక్‌కు వెళ్ళినప్పుడు ఇవి అడగవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

– మీరు ట్రైనీయా, క్వాలిఫై అయినవారా? మీ సూపర్‌వైజర్ ఎవరు?
– రిపోర్టు మీద సంతకం ఎవరిది? ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా?
– పరీక్ష ఏ భాషలో పెట్టారు? మా ఇంటి భాష వచ్చినవాళ్ళు ఉన్నారా?
– ఇంట్లో మేం ఏం చేయాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి?
– వైకల్య ధ్రువపత్రానికి అర్హత ఉందా?

ఆఖరి ప్రశ్న ముఖ్యం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, బుద్ధిమాంద్యం, చదవడం-రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా ఉన్నాయి. ఆర్.సి.ఐ. చట్టం, 1992 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, సికింద్రాబాద్‌లో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి., విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు ఎగతాళి మాటగా వాడే అలవాటు మానుకుంటే ఎన్నో కుటుంబాలకు ఆ గేటు దాటే ధైర్యం వస్తుంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి-మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రోజంతా, ఉచితంగా. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

మన పిల్లలు ఈ చదువు చదవాలంటే

సైకాలజీ డిగ్రీ, పీజీ చేస్తున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఒక మార్పు గమనించాలి. యు.జి.సి. ఎం.ఫిల్. డిగ్రీని ఆపేసింది. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. ప్రవేశాలకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు ఇచ్చింది. ఆర్.సి.ఐ. నాలుగేళ్ళ బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్, రెండేళ్ళ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ లాంటి కొత్త కోర్సులు తెచ్చింది. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఆర్.సి.ఐ. అనుమతి ఉందా లేదా జాబితాలో చూసుకోవాలి. అనుమతి లేని కోర్సు చేస్తే డబ్బూ పోతుంది, ఏళ్ళూ పోతాయి, రిజిస్ట్రేషన్ రాదు. పీజీలో చేసే నెల రోజుల ఇంటర్న్‌షిప్ చూసి నేర్చుకోవడానికే. దాంతో క్లినిక్ పెట్టలేరు.

దఖ్నీ, తెలుగు రెండూ ఇంట్లో మాట్లాడుతూ పెరిగిన పిల్లలు ఈ వృత్తికి చాలా అవసరం. అబ్బా సౌదీలో ఉన్నాడంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. పిల్లవాడు "డర్ లగ్తా" అన్నా, "భయమేస్తోంది" అన్నా వాళ్ళకు ఒక్కటే.

అందాకా, ఈసారి ఓపీలో పాతికేళ్ళ ట్రైనీ ఎదురైతే లేచి రాకండి. కూర్చోండి. సూపర్‌వైజర్ ఎవరో అడగండి. ఏ భాషలో మాట్లాడితే పిల్లవాడు తేలిగ్గా ఉంటాడో చెప్పండి. ఆపైన ఇంటి కథ మొత్తం, దాచకుండా చెప్పండి. దాదీకి కూడా ఓ కుర్చీ వేయమనండి. ఆమె చెప్పాల్సింది కూడా చాలా ఉంటుంది.